మోటారు మార్చే ముందు ట్యాంకులో గాలి చూడండి

షవరు కింద నిలబడితే ధార ఒకసారి బలంగా వస్తుంది, మరుక్షణం నీరసిస్తుంది. పెరట్లో మోటారు టక్కున మొదలై, నాలుగు క్షణాల్లో టక్కున ఆగి, మళ్లీ మొదలవుతుంది. ఒక్క మనిషి ముఖం కడుక్కునేలోగా అయిదారుసార్లు ఇదే తంతు. ఈ శబ్దం మీ ఇంట్లో వినిపిస్తుంటే మోటారు తన ఆయుష్షును రోజుల లెక్కన పోగొట్టుకుంటోందని అర్థం. చాలా సందర్భాల్లో తప్పు మాత్రం దానిది కాదు. పక్కనే ఎర్రగానో నీలంగానో ఉండే ప్రెషర్ ట్యాంకుది.

నల్లగొండలో మా ఇంటికి బోరు నీళ్లు ముందు సంపులోకి వస్తాయి. సంపు నుంచి అర హెచ్‌పీ ప్రెషర్ పంపు, దానికి తగిలించిన 24 లీటర్ల ట్యాంకు ద్వారా స్నానాల గదులకు వెళతాయి. ఏడాది తిరగకుండా ఆ మోటారు వైండింగు, అంటే లోపలి రాగి తీగ చుట్టలు, రెండుసార్లు కాలింది. రెండోసారి వచ్చిన మెకానిక్కు కొత్త మోటారు కొనమన్నాడు. కొనడానికి ముందు ఎందుకో ట్యాంకు వెనక ఉన్న ప్లాస్టిక్ మూత విప్పి, గాలి పట్టే పిన్ను నొక్కి చూశాను. గాలి లేదు. ఒక్క ఊపిరి అంత కూడా లేదు. బైకు గాలి పంపుతో పది నిమిషాలు కష్టపడితే తీరే పనికి రెండు వైండింగుల ఖర్చు పెట్టాం. ఈ ప్రాంతంలో ఇల్లు కట్టే ప్రతివారూ ఇప్పుడు ఈ పంపులు పెట్టిస్తున్నారు కానీ, ట్యాంకులో గాలి ఉంటుందని, దాన్ని అప్పుడప్పుడు చూసుకోవాలని బిగించేవారు చెప్పడం లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ట్యాంకు లోపల ఏముంది

దీన్ని నీళ్లు నిల్వ చేసే పాత్ర అనుకుంటే ఏ లోపమూ అర్థం కాదు. ఇది గాలితో చేసిన స్ప్రింగు. ఇనుప డొల్ల లోపల ఒక రబ్బరు సంచి ఉంటుంది, దాన్ని బ్లాడర్ అంటారు. నీళ్లు సంచిలోకి వెళతాయి. సంచికీ డొల్లకూ మధ్య గాలి ఉంటుంది. నీటిని ఎంత నొక్కినా కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. మోటారు నీళ్లను తోసినప్పుడు సంచి ఉబ్బి గాలిని నొక్కుతుంది. మోటారు ఆగాక మీరు కుళాయి తిప్పితే, నలిగిన గాలి సంచిని నొక్కి నీళ్లను బయటికి పంపుతుంది. ఆ కాసేపు మోటారుకు విశ్రాంతి.

మోటారును ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ప్రెషర్ స్విచ్ నిర్ణయిస్తుంది. ఇళ్లలో పెట్టే స్విచ్‌లు ఎక్కువగా 1.4 బార్ దగ్గర మోటారును మొదలుపెట్టి, 2.8 బార్ దగ్గర ఆపేలా అమర్చి ఉంటాయి. ఒక బార్ అంటే దాదాపు 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీటి బరువు. టైరు లెక్కలో 14.5 పీఎస్‌ఐ. పంపు దగ్గర ప్రెషరు చూపే ముల్లు మీటరు మీద కిలోల లెక్క ఉంటే దాన్నీ బార్‌గానే అనుకోవచ్చు, తేడా స్వల్పం.

24 లీటర్ల ట్యాంకులో 1.2 బార్ గాలి ఉంటే, పై అంకెల మధ్య అది మోటారు సాయం లేకుండా సుమారు 8 లీటర్ల నీళ్లు ఇస్తుంది. గాలి 0.5 బార్‌కు పడిపోతే అయిదున్నర లీటర్లు. పూర్తిగా పోతే నాలుగు లీటర్లు కూడా రావు. సంచి కూడా చిరిగి డొల్ల నిండా నీళ్లు చేరితే గ్లాసుల లెక్కే మిగులుతుంది. నీళ్లు తగ్గినకొద్దీ మోటారు మొదలయ్యే సార్లు పెరుగుతాయి. మొదలైన ప్రతిసారీ మోటారు మామూలుగా నడిచేటప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగు వేడెక్కుతుంది. ఆ వేడి దిగకముందే మళ్లీ మొదలైతే కాలక మానదు.

దగ్గర పెట్టుకోవలసినవి

టైరు గాలి కొలిచే చిన్న గేజి. బైకుకు, కారుకు గాలి కొట్టే కాలి పంపు. సైకిలు పంపు పనికిరాదు, ఎందుకంటే మన సైకిలు ట్యూబు వాల్వు వేరే రకం. ట్యాంకు పిన్ను బైకు టైరు పిన్ను లాంటిదే. ఇవి లేకపోతే పంక్చరు షాపు అతన్ని చిన్న కంప్రెసరుతో ఇంటికి రమ్మనండి. నీళ్ల ట్యాంకుకు గాలి కొట్టాలంటే మొదట ఆశ్చర్యపోతాడు, పిన్ను చూశాక పని అతనికే బాగా తెలుస్తుంది. ఇంకా టెస్టరు, రెండు స్పానర్లు, కాస్త సబ్బు నురుగు, తాగునీటికి వాడే 20 లీటర్ల క్యాను ఖాళీది ఒకటి. ఫ్లోరైడు భయంతో మన జిల్లాలో క్యాను లేని ఇల్లు అరుదు కాబట్టి కొలపాత్రకు వెతుక్కోనక్కరలేదు.

కరెంటు గురించి ఒక్క మాట కచ్చితంగా పాటించండి. గోడ మీది స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ బోర్డులో ఉండే ఎంసీబీ మీట దించాలి. దించాక టెస్టరుతో చూడాలి. మోటారు కెపాసిటరులో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది, దాని పెట్టె జోలికి వెళ్లకండి. పంపు దగ్గర నేల తడిగా ఉంటుంది, కాళ్లకు చెప్పులు ఉండాలి. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో, ముట్టుకుంటే జిల్లుమనే పంపు దగ్గర ఈ పనులేవీ చేయకండి. అక్కడ ముందు రావలసింది ఎలక్ట్రీషియను.

మొదటి పని: క్యానుతో కొలవడం

ఏదీ విప్పకముందే ఇది చేయాలి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, మోటారు తనంతట తాను ఆగేదాకా ఉండండి. మీటరు మీద ముల్లు ఎక్కడ ఆగిందో రాసుకోండి. తరువాత పంపుకు దగ్గరలో ఉన్న కుళాయి కింద క్యాను పెట్టి సన్నగా తిప్పండి. ముల్లు దిగుతూ వస్తుంది. మోటారు మొదలైన క్షణాన ముల్లు ఎక్కడుందో చూసి, కుళాయి కట్టేయండి. ఆ రెండు అంకెలు మీ స్విచ్‌వి. క్యానులో చేరిన నీళ్లు మీ ట్యాంకు శక్తి.

24 లీటర్ల ట్యాంకుకు క్యానులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ నిండితే గాలి బాగుంది, లోపం ఇంకెక్కడో ఉంది. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు కూడా చేరకపోతే గాలి పోయినట్టే. మధ్యలో ఉంటే గాలి తగ్గుతోందన్నమాట. ముల్లు అసలు కదలకపోతే మీటరే పాడైంది. మీటరు చవక, కాబట్టి ముందు దాన్ని మార్చండి. తప్పుడు మీటరుతో చేసే ప్రతి సవరణా తప్పే అవుతుంది.

రెండో పని: గాలి చూడడం, పట్టడం

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ట్యాంకులో నీళ్లుండగా పిన్నుకు గేజి పెడితే అది నీటి ప్రెషరునే చూపిస్తుంది. 2 బార్ కనిపిస్తుంది, ‘గాలి బాగానే ఉంది’ అనుకుంటాం. లోపల గాలి పిడికెడే ఉండవచ్చు.

ఎంసీబీ దించండి. పంపుకు దగ్గరగా, అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తిప్పి నీళ్లన్నీ పోనివ్వండి. పై అంతస్తు కుళాయి తిప్పితే సరిపోదు. పైపులో నిలిచిన నీళ్లు ఒక్కో అంతస్తుకు 0.3 బార్ చొప్పున ట్యాంకును నొక్కుతూనే ఉంటాయి. మీ పంపు సంపు మీద కాకుండా మేడ మీది ట్యాంకు కింద ఉంటే, పంపులోకి వచ్చే గేటు వాల్వు కూడా కట్టేయాలి. లేకపోతే నీళ్లు ఎప్పటికీ ఆగవు. ధార పూర్తిగా ఆగి, ముల్లు సున్నాకు వచ్చాక, కుళాయిని అలాగే తెరిచి ఉంచండి. పని అయ్యేదాకా కట్టవద్దు.

ఇప్పుడు పిన్ను మూత విప్పి, గోరుతో పిన్నును ఒక్క క్షణం నొక్కండి. పొడి గాలి వస్తే మంచిది. నీళ్లు చిమ్మితే సంచి చిరిగిపోయింది, గాలి పట్టడం వృథా, నేరుగా కింద సంచి మార్చే భాగానికి వెళ్లండి. ఏమీ రాకపోతే గాలి అయిపోయింది.

ఎంత గాలి పట్టాలి? మోటారు మొదలయ్యే ప్రెషరు కంటే 0.2 బార్ తక్కువ. మొదలయ్యేది 1.4 అయితే గాలి 1.2 బార్, అంటే టైరు గేజి మీద 17, 18 పీఎస్‌ఐ. బైకు ముందు టైరు కంటే తక్కువే. ఎక్కువ పడితే ఇంకా మేలనుకోకండి. గాలి 2 బార్ ఉండి, మోటారు 1.4 దగ్గర మొదలయ్యేలా ఉంటే, ముల్లు 2కు దిగేసరికి సంచిలో చుక్క ఉండదు. ధార తటాలున తెగిపోతుంది, ఒక క్షణం తరువాత మోటారు మొదలై నీళ్లు దభాలున వస్తాయి. సబ్బు కళ్లలో ఉండగా ఇది జరిగితే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. కొత్త ట్యాంకులకు కూడా ఈ తేడా ఉండవచ్చు, ఎందుకంటే కంపెనీలో పట్టిన గాలికీ మీ స్విచ్ అంకెలకూ పొత్తు కుదరాలని లేదు. ట్యాంకు మీది చీటీలో రాసిన గరిష్ఠ ప్రెషరును ఏ పరిస్థితిలోనూ దాటవద్దు.

పంపు కొడుతున్నప్పుడు తెరిచిన కుళాయి నుంచి మళ్లీ కొన్ని నీళ్లు వస్తాయి. సంచిలో మిగిలినవి అవి. ఆగేదాకా కొట్టి, అప్పుడు గేజి చూసి సరిచేయండి. పిన్ను మీద సబ్బు నురుగు రాయండి. బుడగ లేస్తే పిన్ను లోపలి చిన్న వాల్వు కారుతోంది, పంక్చరు షాపులో దాన్ని మార్చడం క్షణాల పని. మూత తప్పక బిగించండి. కుళాయి కట్టి, ఎంసీబీ ఎత్తి, క్యాను పరీక్ష మళ్లీ చేయండి.

వారం తిరగకుండా గాలి మళ్లీ పోతే, పిన్ను కారకపోయినా పోతుంటే, సంచికి సన్నటి చిల్లు పడినట్టే. కుళాయిలో నీళ్లతోపాటు గాలి బుడగలు తుంపులు తుంపులుగా రావడం దానికి గుర్తు. అయితే పీల్చే పైపులో జాయింటు దగ్గర గాలి చొరబడినా ఇదే కనిపిస్తుంది. రెండూ చూసుకోండి.

సంచి మార్చడం

24 లీటర్ల ట్యాంకులకు సంచి విడిగా దొరుకుతుంది, మొత్తం ట్యాంకు కొననక్కరలేదు. దుకాణానికి పాత సంచిని, లేదా మూతి కొలతను తీసుకెళ్లండి. తాగునీటికి పనికివచ్చే రబ్బరు అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి.

నీళ్లు వదిలేయాలి, తరువాత పిన్ను నొక్కి గాలిని పూర్తిగా తీసేయాలి. గాలి ఉండగా మూతి మీది పళ్లెం బోల్టులు విప్పితే ఆ ఇనుప పళ్లెం మొహం మీదికి ఎగురుతుంది. దీన్ని తేలికగా తీసుకోకండి. బోల్టులు విప్పి పళ్లెం తీసి, సంచిని మెలితిప్పుతూ లాగండి. డొల్లలో బ్యాటరీ లైటు వేసి చూడండి. పైపైన తుప్పు ఉంటే తుడిచి ఆరబెట్టవచ్చు. పొరలు పొరలుగా రాలుతుంటే, గోకితే చిల్లు పడేలా ఉంటే ఆ డొల్లకు కొత్త సంచి వేయడం దండుగ, ట్యాంకే మార్చాలి. కొత్త సంచిని చుట్టి లోపలికి దూర్చి, అంచును సమంగా పరిచి, బోల్టులను ఒకటి విడిచి ఎదురుగా ఉన్నది బిగిస్తూ, కొంచెం కొంచెంగా బిగించండి. కారు చక్రం బిగించే పద్ధతే. ముందు గాలి పట్టాలి, తరువాతే నీళ్లు.

ఎవరూ కుళాయి తిప్పకపోయినా మోటారు మొదలవుతుంటే

అర్ధరాత్రి ఇల్లంతా నిద్రపోతుండగా మోటారు లేచి ఆగుతుంటే ట్యాంకును అనుమానించే ముందు నీళ్లు ఎటు పోతున్నాయో తేల్చాలి. ట్యాంకు తరువాత ఇంటిలోకి వెళ్లే పైపుకు గేటు వాల్వు ఉంటుంది. మోటారు ఆగాక దాన్ని కట్టి, అరగంట ముల్లును గమనించండి.

ముల్లు నిలిచి ఉంటే నీళ్లు ఇంటి లోపల కారుతున్నాయి. ముందుగా చూడవలసింది కమోడు ఫ్లష్ ట్యాంకు. దానిలో బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు వేసి పావుగంట తరువాత కమోడులో చూడండి. నీలం దిగితే దొంగ దొరికింది. ముల్లు దిగిపోతుంటే నీళ్లు వెనక్కి సంపులోకి జారుతున్నాయి. నీళ్లను వెనక్కి పోనివ్వకుండా పంపు దగ్గర ఉండే నాన్ రిటర్న్ వాల్వులోనో, అదే పనికి సంపు అడుగున పైపు చివర ఉండే ఫుట్ వాల్వులోనో ఇసుక రేణువు, సున్నపు ముక్క ఇరుక్కుని ఉంటుంది. మన నేల నల్లరాయి, బోర్లు వేసిన కొత్తలో రాతి పిండి చాలాకాలం వస్తూనే ఉంటుంది. విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది. పంపుకు ముందు జాలీ ఉన్న చిన్న స్ట్రెయినరు పెట్టించుకోవడం నా ఉద్దేశంలో తప్పనిసరి.

మోటారు ఆగకపోతే

ఇది ఇంకా ప్రమాదకరం. ముందు పంపు చీటీ మీద ‘హెడ్’, అంటే అది నీళ్లను ఎంత ఎత్తుకు తోయగలదో, చూడండి. గరిష్ఠ హెడ్ 25 మీటర్లు అని ఉంటే ఆ పంపు ఎంత మొత్తుకున్నా 2.5 బార్ దాటదు. స్విచ్ 2.8 దగ్గర ఆపేలా ఉంటే అది ఎప్పటికీ ఆపదు. సంపు లోతు రెండు మూడు మీటర్లు దీని నుంచి తీసేయాలి. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోయినప్పుడు పంపు బలం మరింత తగ్గుతుంది. ఉదయం బాగా ఆగే మోటారు సాయంత్రం ఆగడం లేదంటే కారణం వోల్టేజీయే కావచ్చు, మీటరుతో కొలిపించండి. స్విచ్ ఆగే అంకెను, పంపు నిజంగా అందుకోగలిగే దానికంటే కొంత తక్కువకు దించడమే మందు.

హెడ్, వోల్టేజీ రెండూ సరిగానే ఉంటే స్విచ్ కింద ఉన్న సన్నటి రంధ్రం చూడాలి. ఉప్పు నీళ్ల బోర్లలో అది సున్నంతో పూడిపోతుంది, నీటి ప్రెషరు స్విచ్‌కు చేరదు. ఇక్కడ చాలామంది ఫ్లోరైడును నిందిస్తారు. ఫ్లోరైడు మన ఎముకలకు, పళ్లకు శత్రువు కానీ, పైపును పూడ్చేది అది కాదు, నీటిలోని కాల్షియం. బకెట్టు అంచున తెల్లటి చారలు కట్టే నీళ్లయితే ఈ పని ఆరునెలలకోసారి పెట్టుకోండి. ఎంసీబీ దించి, నీళ్లు వదిలి, స్విచ్ విప్పి, రంధ్రాన్ని సన్నటి తీగతో పొడిచి, ఆ రంధ్రమున్న ఇత్తడి ముక్కను నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. బాత్రూము కడిగే యాసిడ్ వాడకండి, ఇత్తడినీ రబ్బరునూ తినేస్తుంది.

స్విచ్ మూత తీసినప్పుడే, కరెంటు కలిపే లోపలి పాయింట్లు చూడండి. చీమలు పాయింట్ల మధ్య నలిగి కరెంటు అందకుండా చేస్తాయి, మోటారు అసలు మొదలుకాదు. పాయింట్లు కాలి నల్లబడితే సన్న గరుకు కాగితంతో తుడవవచ్చు. అతుక్కుపోయి ఉంటే మాత్రం స్విచ్ మార్చాలి. మూత సరిగా మూసుకునేలా, వైరు వెళ్లే కన్నం పూడేలా చూస్తే చీమల బాధ తప్పుతుంది.

లోపల రెండు స్ప్రింగులు ఉంటాయి. పెద్దదాని నట్టు బిగిస్తే మొదలయ్యే అంకె, ఆగే అంకె రెండూ పెరుగుతాయి. చిన్నది వాటి మధ్య దూరాన్ని మారుస్తుంది. ఒకసారికి అర చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి, తిప్పిన ప్రతిసారీ ముల్లు చూడండి. రెండో అంతస్తులో షవరు ఉన్నవారికి మొదలయ్యే అంకె పెంచాలనిపిస్తుంది, అది న్యాయమే. కింద 1.4 ఉంటే పైన చేరేది 0.8 మాత్రమే. కానీ ఆ అంకె పెంచితే ట్యాంకు గాలిని కూడా అంతే పెంచాలి. స్విచ్ ఒకరు, ట్యాంకు ఒకరు అన్నట్టు వదిలేస్తే మొదటికే వస్తుంది. ప్రెషర్ తట్టుకోని రకం సోలార్ వాటర్ హీటరును ఈ లైనుకు ఎప్పుడూ కలపవద్దు, దానికి మేడ మీది ట్యాంకు నీళ్లే ఇవ్వాలి.

బోరు మోటారుకే నేరుగా ట్యాంకు పెట్టవచ్చా

మహబూబ్‌నగర్, దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి తెలిసినవారు తరచూ అడుగుతారు. సంపు ఖర్చు మిగులుతుందని వారి ఆశ. మన రాతి నేలల్లో నా సలహా వద్దనే. బోరులో నీళ్లు పగుళ్లలోంచి ఊరి రావాలి, ఏప్రిల్, మే నెలల్లో ఆగి ఆగి పోస్తాయి. ప్రెషర్ స్విచ్‌కు నీటి ప్రెషరే తెలుసు, బోరు ఎండిందో లేదో తెలియదు. ప్రెషరు పడితే మోటారును నడుపుతూనే ఉంటుంది, నీళ్లు లేక మోటారు లోపలే కాలుతుంది. పైగా వందల అడుగుల లోతులోని మోటారు 24 లీటర్ల ట్యాంకు కోసం రోజుకు ఎన్నోసార్లు లేచి ఆగాలి. కాలితే పైపులన్నీ పైకి లాగాలి. సంపు కట్టి, బోరు నీళ్లూ మిషన్ భగీరథ నీళ్లూ దానిలోకే వదిలి, అక్కడి నుంచి ప్రెషర్ పంపు పెట్టుకోండి. భగీరథ కుళాయి పైపుకు మాత్రం పంపు నేరుగా తగిలించకండి, పక్కింటివారి నీళ్లు లాగేసినట్టవుతుంది. సంపులో నీళ్లు తగ్గితే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టించుకోండి.

అంతా సరిచేశాక ట్యాంకు మీద చెరగని మార్కరుతో నాలుగు సంగతులు రాయండి: మోటారు మొదలయ్యే అంకె, ఆగే అంకె, పట్టిన గాలి, క్యానులో నిండిన లీటర్లు. కింద తేదీ. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి క్యాను పరీక్ష చేసి పక్కనే కొత్త అంకె వేయండి. మెకానిక్కును పిలవవలసి వచ్చినా ముందు ఆ అంకెలు చూపించండి. అతను పెట్టె తెరవకముందే ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.